నలభై ఆరో మెట్టు

ఎదురింటావిడ చూసిందట. చూసి ఊరుకుందా అంటే, ఊరుకునే మనిషైతే ఆ తలుపుకున్న కంటిరంధ్రం అంత నున్నగా ఎందుకు మెరుస్తుంది? చూసింది చూసినట్టు ఇస్త్రీ కొట్టావిడ చెవిలో వేసిందట. ఇస్త్రీ కొట్టావిడ దానికి నాలుగు మడతలు పెట్టి, దుప్పట్లతో పాటు వెచ్చవెచ్చగా నర్సు చేతికి అందించింది.

మీ ఆడపడుచు రోజూ మధ్యాహ్నం మూడింటికి పైకి పోతోందట. కిందికి కాదట, పైకట. పైన ఎవరున్నారు? గడియారాలాయన. పెళ్లాం పోయి ఆరేళ్లయింది. అరగంట పోయాక దిగుతుందట, మొహమంతా చెమటలట, నోటితో గాలి పీలుస్తుందట. నేనేం అనలేదమ్మా, ఆవిడ అన్నమాట నీ చెవిన వేశాను, నాకెందుకు!

ఆ "నాకెందుకు" మూడుసార్లు అయ్యాక గానీ ఇస్త్రీ కొట్టావిడ దుప్పట్లు వదల్లేదట.

ఇదంతా వంటగది గుమ్మంలో నిలబడి నర్సు తన మొగుడికి చెబుతోంది. ఆదివారం. మూడు దాటి అయిదు నిమిషాలయింది. ముగ్గురు మనుషులుండే ఆ ఇంట్లో మూడో మనిషి, ఆడపడుచు, దారం కొనుక్కొస్తానని అప్పుడే బయటికి వెళ్లింది.

మొగుడు సోఫా అంచున కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అతనిది. వీధిలో అందరికీ అద్దాలాయన. ఆ పసుపురంగు మెత్తటి గుడ్డ షాపులోనే కాదు, ఇంట్లో కూడా జేబులోనే ఉంటుంది.

"ఎదురింటావిడకి పనీపాటా లేదు" అన్నాడు.

"నేను నమ్మానన్నానా? వదిన సంగతి నాకు తెలీదా? దారం కోసమని చెప్పి పైకెందుకు వెళ్తున్నారో, అదే తెలీదు. అడుగుదామంటే నాతో మాటే లేదాయె. పద్దెనిమిది రోజులు! మొన్న టీ ఇస్తే గోడకి చెప్పినట్టు ‘అక్కడ పెట్టు’ అన్నారు. నేను నిలబడ్డానని కూడా చూడలేదు."

అద్దాలాయన ఎడమ అద్దం మీద లేని మచ్చని రుద్దాడు.

"పోనీ ఆ హోటలు సంగతైనా తేల్చండి. నాలుగింటికి వాళ్లు ఫోను చేస్తారు. ఎంతమందో, ఏ గదో ఇవాళ చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"తేల్చేదేముంది? రేవు దగ్గరదే."

"నలభై ఆరు మెట్లు."

"పడవ పొద్దున ఏడింటికి. మూడు దీవులూ తిప్పి సాయంత్రానికి తెస్తుంది. రేవు పక్కనే ఉంటే లేచి, దిగి, ఎక్కేయొచ్చు. నువ్వు చెప్పే ఆ బస్టాండు హోటలు నుంచైతే..."

"టాక్సీలో పది నిమిషాలు. లిఫ్టుంది. కిటికీ తెరిస్తే గోదాము గోడ కనిపిస్తుంది, సరే, కనిపించనివ్వండి. గోడ చూడ్డానికి పోతున్నామా, దీవులు చూడ్డానికా? రెండు రాత్రులు నడుం వాల్చడానికి ఏ గదైతేనేం! తర్వాత అయిదు రోజులూ రిసార్టులో సముద్రం మన గుమ్మంలోకే వస్తుంది."

రిసార్టు మాట వస్తే ఆ ఇంట్లో గొడవ లేదు. అది నర్సు సంపాదన. పిల్లలకి టీకాలు వేసే ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లని మనిషని ఆసుపత్రివాళ్లు ఇంటిల్లిపాదికీ ఇచ్చిన బహుమతి. నేలమట్టం గది, మూడు మంచాలు, గడప దాటితే ఇసుక. అక్కడికి వెళ్లేలోపు రెండు రోజులు దీవులు చూద్దామన్నదీ అందరికీ నచ్చిన మాటే. ఆ రెండు రోజులకి తల దాచుకునే గది దగ్గరే ఇల్లు రెండు చెక్కలైంది.

"నేను ఒకటే అడుగుతున్నాను" అంది నర్సు. గొంతు తగ్గింది. "మెట్లెక్కలేకపోతే రెండు రోజులాగి బస్సులో సరాసరి రిసార్టుకి రమ్మన్నది మీరు. ఆవిడ సరేననలేదు, కాదనలేదు, లేచి గదిలోకి వెళ్లిపోయారు. మరి కోపం నా మీదెందుకు? ఆ హోటలు నేను ఏరానా?"

అద్దాలాయన కుడి అద్దం మొదలుపెట్టాడు.

ఏరింది అతనే. ఆ రోజు షాపులో పని లేని వేళ ఫోనులో అయిదు హోటళ్లు తెరిచి పెట్టుకున్నాడు. నాలుగు ఒక దారి, ఒకటి ఒక దారి. కొండవాలు మీద ఉన్న ఆ ఒక్కదాని కింద, అక్కడ దిగిన మనిషెవరో రాసి పెట్టారు: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం తీసుకురావద్దు, మెట్లు ఎక్కలేరు, లిఫ్టు లేదు.

అది హెచ్చరిక. ఎవరో పుణ్యాత్ముడు పదిమందికీ మేలు జరగాలని రాసింది. అద్దాలాయన దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు అతని వేలు ఆ హోటలు మీదే ఆగింది.

అక్కయ్య అంటే ఇష్టం లేక కాదు. తల్లి పోయిన ఇంట్లో, అతనికి ఏడేళ్లప్పటి నుంచీ అక్కయ్యే వండింది, ఉతికింది, చదివించింది, పెళ్లి చేసింది. అదే వచ్చింది చిక్కు. నలభై మూడేళ్లొచ్చినా ఆవిడ పక్కనుంటే అతను మళ్లీ నిక్కరు వేసుకుంటాడు. పోయినసారి ఊరెళ్తే రైల్లో అందరి ముందూ "చిన్నోడా, చెవులకి గాలి తగుల్తుంది, మఫ్లరు కట్టుకో" అంది. కట్టుకున్నాడు. పెళ్లయి పద్నాలుగేళ్లు. భార్య పక్కన, చెవులకి గాలి కొడుతుండగా, ఒక్క రెండు రోజులు పడవలో కూర్చోవాలనిపించింది. అంతే.

నోరు తెరిచి అడిగితే అక్కయ్య ఒప్పుకునేది. ఒప్పుకుంటుందనే భయం. అప్పుడు ఆ రెండు రోజులు కూడా ఆవిడ పెట్టినవే అవుతాయి. అందుకని అతను అడగలేదు. మెట్ల చేత అడిగించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం అక్కయ్య ఫోనులో బొమ్మ చూసి "మెట్లెన్నిరా?" అనడిగింది. నలభై ఆరన్నాడు. "వేరేవి లేవా?" అంది. వంటగదిలో నర్సు కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతోంది, ఏమీ వినపడదు. అద్దాలాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "మీ మరదలు ఇదే కావాలని పట్టుబట్టిందక్కా."

పద్దెనిమిది రోజులుగా ఆ మాట అతని గొంతులో చేపముల్లులా ఉంది.

"వినపడుతోందా?" అంది నర్సు. "పైకి వెళ్లి చూసిరండి. ఏముందో ఎదురింటావిడ కంటే ముందు మనకి తెలియడం మంచిది."

అతను లేచాడు. భార్య ఎదుట కూర్చోవడం కంటే మెట్లెక్కడమే తేలిక.

*

వాళ్లది నాలుగంతస్తుల పాత ఇల్లు. మొదటి అంతస్తులో వీళ్ల వాటా. లిఫ్టు లేదు. అంతస్తుకి పద్దెనిమిది మెట్లు, తొమ్మిదెక్కితే ఒక మలుపు, మలుపులో కిటికీ.

మూడో మెట్టు దగ్గరే అద్దాలాయన ఆగిపోయాడు.

మెట్టు కుడి అంచున, గోడకి ఆనుకుని, నీలం సుద్దగీత. గోరంత. కింది మెట్టుకీ ఉంది. పై మెట్టుకీ ఉంది. ఎక్కేకొద్దీ ఉన్నాయి. పదో మెట్టు దగ్గర మాత్రం గీత కాదు, ఇంటూ గుర్తు.

ఆ గుర్తు ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కయ్య యూనిఫారాలు కుట్టే కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్లు గుడ్డ కోసే మాస్టరు. అందుకే లోకానికి మాస్టరమ్మ. వంద పొరల గుడ్డ పరిచి, పైన నమూనా కాగితం పెట్టి, సుద్దతో గీసి, కోస్తుంది. గీతలో వెంట్రుకవాసి తేడా వస్తే వంద చొక్కాలు చెత్తబుట్టకి. అంగుళం అంగుళానికీ గీత, పదో అంగుళానికి ఇంటూ. ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడి కోసిన మోకాళ్లు అవి. కిందటేడు నుంచి కూర్చుంటే లేవనీయవు, లేస్తే కూర్చోనీయవు. కంపెనీ కూడా మధ్యాహ్నం దాకా వస్తే చాలంది.

ఇరవై దగ్గర ఇంటూ. ముప్ఫై దగ్గర ఇంటూ. మూడో అంతస్తు చేరేసరికి ముప్ఫై ఆరు. పైనుంచి మాటలు వినపడ్డాయి. అద్దాలాయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలీదు. గోడకి నక్కాడు.

"నలభై మూడు... నలభై నాలుగు..."

అక్కయ్య గొంతు. అంకెకీ అంకెకీ మధ్య ఊపిరి గరగరమంటోంది.

"నలభై అయిదు. ఇక కూర్చోండి మాస్టరమ్మా, మలుపొచ్చింది. కుర్చీ అదుగో." అది గడియారాలాయన. వెలుతురు బాగుంటుందని ఆయన మధ్యాహ్నమంతా ఆ మలుపు కిటికీ దగ్గరే బల్ల వేసుకుని, పాత గడియారాలు విప్పుకుంటూ కూర్చుంటాడు.

"నలభై ఆరండీ అన్నయ్యగారూ. ఇంకొకటుంది."

"ఒక్క మెట్టుకేముందమ్మా!"

"అక్కడ నలభై ఆరుంటే ఇక్కడ నలభై అయిదు దగ్గర ఆగితే, ఆ మిగిలిన మెట్టు నా బదులు ఎవరెక్కుతారు? మీరొస్తారా?"

ఒక పాదం ఈడ్చిన చప్పుడు. ఇనుప కటకటాన్ని గట్టిగా పట్టుకున్న చప్పుడు. "అమ్మయ్య" అన్న మాట. మలుపు దాటి పైకి ఒక్క మెట్టెక్కి, మళ్లీ దిగి, కుర్చీలో కూలబడింది మాస్టరమ్మ.

"నిన్నటికంటే పదకొండు సెకన్లు తక్కువ" అన్నాడు గడియారాలాయన, సొంతబిడ్డ పరీక్ష పాసైనట్టు. "మొదటి రోజు పద్దెనిమిదో మెట్టు దగ్గరే చతికిలబడ్డారు. అంబులెన్సు పిలవాలేమోనని భయపడి చచ్చాను."

"పిలిచి ఉంటే ముందు మా మరదలే వచ్చేది, సూది పట్టుకుని. ఆ అమ్మాయికి మనిషి కనపడితే చాలు, టీకా వేసేస్తుంది."

ఇద్దరూ నవ్వారు. కింద అద్దాలాయనకి నవ్వు రాలేదు.

"తప్పుగా అనుకోకండి, ఇంత పంతమెందుకు? ఆ ఊళ్లో లిఫ్టున్న హోటలే దొరకలేదా?"

"దొరికిందట."

"మరి?"

మాస్టరమ్మ మోకాలు రుద్దుకుంటున్నట్టుంది, గుడ్డ రాపిడి వినపడుతోంది.

"పిల్లలు అది ఏరుకున్నారు. నన్ను రెండు రోజులాగి వెనకాల బస్సులో రమ్మన్నారు, మరిచిపోయిన సంచి పంపించినట్టు. సంచికి మెట్లెక్కడం రాదు. నాకొచ్చు. ఆ సంగతి చూపిస్తే చాలు, వాళ్లూ సంతోషిస్తారు కదా?"

చివరి ముక్క అడిగినట్టుంది గానీ చెప్పినట్టు లేదు. గడియారాలాయన చేతిలో ఉన్న గడియారానికి కీ ఇచ్చుకున్నాడు.

అద్దాలాయన చెప్పులు చేత్తో పట్టుకునే దిగాడు. ముప్ఫై దగ్గర ఇంటూ, ఇరవై దగ్గర ఇంటూ. గీతల్ని తొక్కకుండా కటకటం వైపే దిగాడు. సొంత ఇంట్లో దొంగతనం చేసి దిగుతున్నవాడిలా ఉన్నాడు.

మొదటి అంతస్తు చేరేసరికి ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఏం తమ్ముడూ, పైకెళ్లొచ్చావా?" ఎదురింటావిడ చూపు మొహం మీద లేదు, చేతిలో చెప్పుల మీద ఉంది. "మెట్ల మీద ఎవరో గీతలు పెడుతున్నారు, చూశావా? దొంగలు అలాగే గుర్తులు పెట్టుకుంటారట. నాకు నిద్ర పట్టడం లేదు."

"దొంగలు కాదండీ."

"మరి?"

"కొలతలు" అన్నాడు. "ఎవరో కొలతలు తీసుకుంటున్నారు."

"దేనికి?"

అద్దాలాయన లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

*

అతను చూసిందీ విన్నదీ చెప్పాడు. నర్సు మొహం విచ్చుకుంది. అది చూడ్డం అద్దాలాయన వల్ల కాలేదు.

"అయితే వస్తారన్నమాట! కోపం కాదన్నమాట! అయ్యో, ఆ మోకాళ్లతో, ఎండలో, పద్దెనిమిది రోజులు... ఏవండీ, ఇప్పటికైనా ఆ లిఫ్టుదే ఖాయం చేసేద్దాం. వదిన రాగానే నేనే చెబుతాను. పాపం, నాతో మాట్లాడకపోవడం కూడా ఆయాసం బయటపడుతుందనేమో. నేనొక పిచ్చిదాన్ని, ఏవేవో అనుకున్నాను."

అద్దాలాయన గదిలోకి చూశాడు. అక్కయ్య బల్ల. చుట్టలు చుట్టిన నమూనా కాగితాలు, కొలత టేపు, నీలం సుద్దముక్కలు. కాగితాలు ఎగరకుండా వాటి మీద ఒక గవ్వ, గుప్పెడంత, అంచు విరిగింది.

ఆ గవ్వ వయసు అతనికి తెలుసు. కంపెనీవాళ్లు ఆడపిల్లలందర్నీ దీవులు చూడ్డానికి తీసుకెళ్లిన ఏడు అది. అక్కయ్య పేరు కూడా రాయించుకుంది, కొత్త చెప్పులు కొనుక్కుంది. ముందురోజు అతనికి ఒళ్లంతా తట్టు పోసి జ్వరం వచ్చింది. అప్పుడతనికి పదమూడేళ్లు. అక్కయ్య కొత్త చెప్పులు మంచం కింద పెట్టి, తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చుంది. వెళ్లొచ్చిన పిల్లలు ఆ గవ్వ తెచ్చి చేతిలో పెట్టారు. "ఎలా ఉన్నాయే దీవులు?" అని అడిగింది. ఏం చెప్పారో అతనికి గుర్తులేదు. అడిగిన గొంతు గుర్తుంది.

ఫోనులో అయిదు హోటళ్లు తెరిచినప్పుడు కూడా అది గుర్తుంది. గుర్తుండే చేశాడు.

"ఒక మాట" అన్నాడు. "అక్కయ్య నీతో మాట్లాడనిది ఆయాసం వల్ల కాదు."

"మరి?"

"నీ పేరు చెప్పాను."

"ఎవరికి? ఏమని?"

"అక్కయ్యకి. ఆ మెట్ల హోటలు నువ్వే కావాలన్నావని."

నర్సు చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి ఉంది. మిగతా సగం కూడా మడతపెట్టింది. అంచుకి అంచు కలిపింది. బీరువాలో పెట్టింది. తలుపు వేసింది. అంతకంటే ఆమె ఆ దుప్పటి విసిరికొట్టినా అతనికి హాయిగా ఉండేది.

"రోజుకి ఎనభై మంది పిల్లలొస్తారు నా దగ్గరికి" అంది చివరికి. "సూది చూసి ఏడుస్తారు. తల్లులంటారు, ‘నొప్పి ఉండదని చెప్పండి సిస్టర్’ అని. నేను చెప్పను. కాస్త నొప్పి ఉంటుంది, గబుక్కున అయిపోతుందంటాను. ఏడాది పిల్లకి కూడా అంతే చెబుతాను. అర్థం కాకపోయినా సరే. ఏడాది పిల్లకిచ్చే ఆ కాస్త మర్యాద మీరు నాకు ఇవ్వలేదు."

"తప్పే."

"నాకు చెప్పకండి. ఆవిడకి చెప్పండి."

"చెబుతాను. నెమ్మదిగా, రిసార్టుకి వెళ్లాక..."

"వెళ్లేది ముగ్గురమో ఇద్దరమో, అసలు నేనొస్తానో రానో, అది తేలాక!"

తాళంచెవి చప్పుడైంది.

*

మాస్టరమ్మ లోపలికొచ్చింది. మొహం కడుక్కునే వచ్చినట్టుంది, జుట్టు ముందర తడిగా ఉంది. చేతిలో తెల్లదారం ఉండ. పద్దెనిమిది రోజులుగా అదే ఉండ వెళ్లి, అదే ఉండ వస్తోంది.

కుర్చీలో కూర్చోవడానికి రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. కూర్చున్నాక అటు ఒకరినీ ఇటు ఒకరినీ చూసింది.

"ఏమిటి, ఇద్దరూ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టున్నారు?"

నర్సు మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆడపడుచు ముందు పెట్టి, గోడకానుకుని నిలబడింది.

"అక్కా" అన్నాడు అద్దాలాయన. గొంతులో లేని హుషారు తెచ్చుకున్నాడు. "నీకో మంచిమాట. హోటలు మార్చేస్తున్నాం. బస్టాండు దగ్గరదే తీసుకుందాం. లిఫ్టుంది, ఎక్కి మీట నొక్కితే గది. నువ్వూ మాతో పాటే వచ్చేయ్."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? నీ మోకాళ్లు..."

"పద్దెనిమిది రోజుల కిందట కూడా ఇవే మోకాళ్లు. కొత్తవి వేయించుకోలేదు నేను."

"అప్పుడు... అప్పుడంటే పడవ టైము చూసి..."

"చెప్పండి" అంది నర్సు గోడ దగ్గర్నుంచి.

"నువ్వాగు."

"నేను పద్దెనిమిది రోజులు ఆగాను, ఎందుకాగానో తెలియకుండా. ఇక మీ వంతు."

ఎక్కడో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. మాస్టరమ్మ దారం కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"ఆ హోటలు మీ మరదలు అడగలేదక్కా" అన్నాడు. తల ఎత్తలేదు. "నేనే ఏరాను. మెట్లున్నాయనే ఏరాను. ఆ మాట నీతో అనే ధైర్యం లేక తన మీద పెట్టాను."

నర్సు కళ్లు ఆడపడుచు మొహం మీదే ఉన్నాయి. ఇప్పుడేమవుతుంది, ఏడుస్తుందా, లేచి వెళ్లిపోతుందా?

మాస్టరమ్మ గ్లాసు ఎత్తి సగం నీళ్లు తాగింది.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"అప్పుడే తెలుసు. చిన్నప్పుడు అబద్ధం చెప్పాల్సొస్తే చొక్కా అంచు నలిపేవాడివి. ఇప్పుడు కళ్లజోడు తుడుస్తావు. అంతే తేడా. మరదలు పట్టుబట్టిందక్కా అన్నావు చూడు, ఆ పూట అద్దాలు అరిగిపోతాయేమో అనుకున్నాను."

"మరి నాతో ఎందుకు మాట్లాడలేదు వదినా?" అంది నర్సు. "తప్పు నాది కాదని తెలిసి కూడా? ఇన్ని రోజులు నేను నిద్రపోయాననుకుంటున్నారా?"

మాస్టరమ్మ మొదటిసారి తల వంచింది.

"నీ మొహం చూస్తే చెప్పేస్తానేమోనని. నా నోరు సంగతి నీకు తెలుసుగా అమ్మాయ్, మూతలేని డబ్బా. వాడు నీ దగ్గర చిన్నబోతాడని నేనే దూరం జరిగాను. వాణ్ని కాపాడుతున్నాననుకున్నాను. నిన్ను కోసేశానని ఇప్పుడు తెలుస్తోంది. పై పొర చూసి కోశాను, అడుగు పొర చూడలేదు. ముప్ఫై ఏళ్ల పనిలో ఎప్పుడూ చేయని తప్పు."

"ఇద్దరూ కలిసి కోశారు" అంది నర్సు. కోపమో ఏడుపో తెలియలేదు. కానీ వచ్చి ఆడపడుచు పక్క కుర్చీలో కూర్చుంది. ఒంగి, ఆవిడ కుడి మోకాలి మీద చేయి వేసి చూసింది, నర్సు చూసినట్టు. "వాచింది. ఎవరు చెప్పారు మీకు రోజూ ఎక్కమని?"

"నీ మొగుడు. నలభై ఆరుసార్లు చెప్పాడు."

అప్పుడు ఫోను మోగింది.

నాలుగయింది. బల్ల మధ్యలో ఫోను కప్పలా గెంతుతోంది. ముగ్గురూ దాన్ని చూశారు. నర్సు అందుకోలేదు. మాస్టరమ్మ అందుకోలేదు. అద్దాలాయనే ఎత్తి, గది అంతా వినపడేట్టు మీట నొక్కి బల్ల మీద పెట్టాడు.

"నమస్కారమండీ, రేవు హోటలు నుంచి" అంది ఒక మగగొంతు, హుషారుగా. "రెండు రాత్రుల గది అన్నారు. ఉంచమంటారా, తీసేయమంటారా? ఉంచితే ఎంతమందో చెబితే మంచాలు వేయిస్తాం."

"ఒక్క నిమిషం" అన్నాడు అద్దాలాయన. అక్క వైపు తిరిగాడు. "తీసేయమంటానక్కా. లిఫ్టున్నదే..."

"నా కోసం ఏదీ తీసేయక్కర్లేదు. మెట్లు నేనెక్కగలను. చూశావుగా."

అద్దాలాయన ఉలిక్కిపడ్డాడు. "నేనా? ఎప్పుడు?"

"చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతుంటే ముప్ఫై ఆరో మెట్టు దగ్గర నీ బట్టతల కనపడింది. ఏ హోటలైనా నాకొకటే. మెట్ల సంగతి నేను తేల్చుకున్నాను. తేలనిది నీ సంగతి. ఆ పడవలో నేను పక్కన కూర్చోవాలని నీకుందా, లేదా?"

"సార్? ఎంతమంది సార్?" అంది ఫోను.

నర్సు మొగుడి వైపు చూస్తోంది. కాస్త నొప్పి ఉంటుంది, గబుక్కున అయిపోతుంది అన్నట్టుంది ఆ చూపు.

"అదేం మాటక్కా!" అన్నాడు అద్దాలాయన. "నువ్వు లేకుండా మేమెప్పుడైనా వెళ్లామా? నువ్వు రావాలనే కదా నాకు..."

అతని చేయి అప్పటికే జేబులోకి వెళ్లింది. కళ్లజోడు ముక్కు మీద లేదు. పసుపు గుడ్డ ఎడమ అద్దం మీద గుండ్రంగా తిరుగుతోంది.

మాస్టరమ్మ ఆ చేతినే చూస్తోంది.

"ఆ గుడ్డ బల్ల మీద పెట్టి, ఆ మాటే మళ్లీ చెప్పరా" అంది.